పెంచే పెద్దరికం

(ఆలయ జీర్ణోద్ధరణ, కుంభాభిషేక మహోత్సవ సందర్భంగా అన్నవరంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇటువంటి సంచికలలో ఆలయచరిత్రో, స్వామివారి మహిమో, ఆగమవిశేషమో చెప్పడం వాడుక. ఆ విషయాలు నాకన్న ఎంతో బాగా తెలిసిన పండితులు మనకున్నారు. నాకు పెద్దలు అప్పగించిన అంశం నాయకత్వం. ఈ మాట వినగానే మనకు వేదిక, మైకు, పూలదండ, శాలువా గుర్తుకు వస్తాయి. వాటిని కాసేపు పక్కన పెట్టి, నాతో కూడ రత్నగిరి మీది వ్రతమండపానికి రండి. మీలో ఎక్కువమంది దంపతులుగా అక్కడ కూర్చున్నవారే కాబట్టి దారి చెప్పనక్కరలేదు.

మండపంలో వరుసలు వరుసలుగా దంపతులు పీటలమీద కూర్చుంటారు. ఒక పురోహితుడు మైకులో సంకల్పం చెబుతూ ఉంటాడు. మరికొందరు వరుసల మధ్య తిరుగుతూ ఉంటారు. పసుపు గణపతిని చేయడం రాని కొత్త దంపతుల దగ్గర ఒక్క క్షణం ఆగి, "ఇంకొంచెం నీళ్ళు కలపండమ్మా" అని చెప్పి ముందుకు వెళతారు. గమనించారా? ఆ ముద్దను పురోహితుడు తన చేత్తో చేసి పెట్టడు. కలశం మీద అక్షతలు ఆయన వేయడు. తమలపాకులు ఆయన పరచడు. చేత్తో చేసేది అంతా యజమానే. మంత్రం తప్పు పలికితే పురోహితుడు మళ్ళీ పలికిస్తాడు. చేయి తడబడితే ఓర్చుకొంటాడు. ఆయనే చేసేస్తే పని పది నిమిషాలలో అయిపోతుంది, పసుపు గణపతి కూడ చక్కగా కుదురుతుంది. కాని అప్పుడు అది ఆ దంపతుల వ్రతం కాదు.

నాయకత్వం గురించి నేను చెప్పదలచుకొన్నదంతా ఆ పురోహితుడి చేతిలో ఉన్నది. తాను చేయగలిగిన పనిని ఎదుటివారిచేత చేయించి, అది తనంత బాగా కుదరకపోయినా ఓర్చుకొని, ఆ చేసినవారిని చేయగలిగినవారిగా నిలబెట్టడం. ఫలం ఇలాగే ఉండాలని పట్టుబట్టి అందరి చేతులనూ తన చేతిలోకి లాక్కొనేవాడు పనిని గెలిపించవచ్చు. మనుషులను మాత్రం ఓడిస్తాడు.

ఇక ఆ వ్రతంలో మనం వినే కథలను ఈ దృష్టితో ఒకసారి గుర్తు చేసుకోండి. స్వామి వృద్ధబ్రాహ్మణుని రూపంలో వచ్చి ఒక పేద బ్రాహ్మణుడికి వ్రతవిధానం చెబుతాడు. చెప్పి మాయమవుతాడు. దగ్గర కూర్చుని చేయించడు, సరిగ్గా చేశాడా లేదా అని మరుసటి నెల వచ్చి లెక్క అడగడు. ఆ బ్రాహ్మణుడు తన శక్తికొద్దీ చేసుకొంటాడు. దాహం తీర్చుకోవడానికి ఆ ఇంటికి వచ్చిన కట్టెలమ్ముకొనేవాడు ఆ వ్రతం చూసి, విధానం అడిగి తెలుసుకొని, మర్నాడు కట్టెలమ్మిన సొమ్ముతో తాను చేస్తాడు. ఈ వ్రతం నాది, నా అనుమతి లేకుండా ఎలా చేస్తావని బ్రాహ్మణుడు అనడు. అలా అది రాజు దగ్గరకు, వర్తకుడి దగ్గరకు చేతులు మారుతూ పోతుంది. స్వామి మొదట ఒక్కడికి చెప్పాడు. ఆ ఒక్కడు అది తన సొంతం అనుకోలేదు గనుకనే ఇవాళ మన ఇళ్ళదాకా వచ్చింది.

చివరి కథ తుంగధ్వజ మహారాజుది. వేటనుంచి వస్తూ మర్రిచెట్టు క్రింద గోపబాలకులు వ్రతం చేసుకోవడం చూస్తాడు. దగ్గరకు పోడు, నమస్కరించడు. వాళ్ళు ప్రసాదం తెచ్చి ఎదుట పెడితే ముట్టుకోకుండా వెళ్ళిపోతాడు. ఆ తరువాత సంపదను, సంతానాన్ని కోల్పోయి, తన తప్పు తెలుసుకొని, మళ్ళీ ఆ గోపకుల దగ్గరకే వచ్చి వారితో కూర్చుని వ్రతం చేస్తాడు. ఈ కథను మనం ప్రసాదాన్ని నిర్లక్ష్యం చేయకూడదన్న హెచ్చరికగా మాత్రమే వింటాము. నాకు అందులో మరొకటి కూడ వినిపిస్తుంది. రాజు ఆజ్ఞ లేకుండా, రాజపురోహితుడు లేకుండా, పశువులు కాచుకొనేవారు తమంతట తాము ఒక మంచిపని చేశారు. రాజుకు మింగుడుపడనిది అదే అయి ఉంటుందని నా ఊహ. మన సంఘాలలో, మన ఆలయాలలో ఇటువంటి తుంగధ్వజులను చూస్తూనే ఉంటాము. వీధి కుర్రవాళ్ళు చందాలు వేసుకొని పందిరి వేస్తే, "మమ్మల్ని అడగకుండా ఎవరు వేయమన్నారు?" అని అడిగే పెద్దమనిషి తుంగధ్వజుడు కాక మరెవరు?

ఈ క్షేత్రం వెలసిన తీరు కూడ ఈ సందర్భంలో తలచుకోదగినది. స్థలచరిత్ర ప్రకారం ఖర నామ సంవత్సర శ్రావణ శుద్ధ విదియ నాడు, అంటే 1891 ఆగస్టు 6న, రత్నగిరిపై స్వామివారి ప్రతిష్ఠ జరిగింది. అంతకుముందు స్వామి కలలో కనిపించినది జమీందారు శ్రీ రాజా ఇనుగంటి వారికి మాత్రమే కాదు, ఈరంకి ప్రకాశరావు అనే భక్తుడికి కూడ. ఇద్దరూ తమ కలలను ఒకరికొకరు చెప్పుకొని, గ్రామస్థులను వెంటబెట్టుకొని కొండ ఎక్కారని చెబుతారు. జమీందారుకు ఒక్కడికే చెబితే పని జరగకపోయేదా? జరిగేది, ఆయన ఆజ్ఞాపించేవాడు. స్వామి మరొక సామాన్యుణ్ణి కూడ ఆ కలలోకి ఎందుకు చేర్చాడో ఆలోచించవలసినదే.

ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పుకోవాలి. చెప్పకపోతే ఈ ప్రసంగం చేసే అర్హత నాకు లేదు.

చాలా సంవత్సరాల క్రితం, ఇదే ప్రాంతంలో ఒక ఆలయ కల్యాణోత్సవాలలో అన్నసమారాధన బాధ్యత నా మీద ఉండేది. ఆరేడేళ్ళు నేనే చూశాను. గుండిగలు ఎవరి ఇంటినుంచి తేవాలి, వంటవాళ్ళకు బయానా ఎంత ఇవ్వాలి, గాడిపొయ్యి ఎక్కడ తవ్వాలి, కట్టెలు ఎవరు తోలాలి, విస్తళ్ళు ఎన్ని కట్టలు కావాలి, అన్నీ నాకు తెలుసు. నాకు మాత్రమే తెలుసు. ఒక పుస్తకంలో వ్రాసి పెట్టలేదు, ఒక కుర్రవాణ్ణి వెంట తిప్పుకోలేదు. పైగా అది నా సమర్థత అనుకొన్నాను. నేను లేకపోతే పులుసులో ఉప్పు కూడ పడదని నలుగురిలో నవ్వుతూ అనేవాణ్ణి. ఆ నవ్వులో గర్వం ఎంతో మీరు ఊహించగలరు.

ఒక సంవత్సరం కల్యాణానికి మూడు రోజుల ముందు తీవ్రజ్వరంతో మంచం పట్టాను. లేచి కూర్చోలేని స్థితి. ఇరవై ఏళ్ళ కుర్రవాడొకడు ముందుకు వచ్చి, ఇల్లిల్లూ తిరిగి అడిగి, గుండిగలు చేర్చి, వంటవాళ్ళను కుదిర్చి, ఆ రోజు వచ్చిన వారందరికీ భోజనం పెట్టించాడు. పన్నెండు గంటలకు వేయవలసిన బంతి రెండున్నరకు వేశాడు. అన్నం కొంత మిగిలిపోయింది. కోలుకొన్నాక నేను ఏం చేశానో చెప్పమంటారా? అతణ్ణి పిలిపించి, ఆలస్యం ఎందుకైందని, అన్నం ఎందుకు మిగిలిందని నలుగురి ఎదుట నిలదీశాను. అతడు బదులు చెప్పలేదు. తలవంచుకొని విన్నాడు, వెళ్ళిపోయాడు. ఆ తరువాత ఏ ఉత్సవానికీ పనికి రాలేదు. భక్తుడిగా వచ్చి దణ్ణం పెట్టుకొని వెళ్ళేవాడు, అంతే.

ఆ రోజు మిగిలిన అన్నం విలువ ఎంత? నేను పోగొట్టిన మనిషి విలువ ఎంత? ఈ లెక్క నాకు చాలా ఆలస్యంగా తెలిసివచ్చింది.

అందుకే ఈ గోదావరి మండలంలో మనుషులను పెంచిన పెద్దవారి కోసం వెదికినప్పుడు, నాకు ఇక్కడికి దగ్గరలోనే ఒక మహనీయుడు కనిపించాడు. కాకినాడ పిఠాపురం రాజా కళాశాల అధ్యక్షులు రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు. మీలో కొందరికి సందేహం కలగవచ్చు. ఆయన బ్రహ్మసమాజి, విగ్రహారాధనను అంగీకరించనివాడు. ఆలయ కుంభాభిషేక సంచికలో ఆయన పేరెందుకు? నిజమే. కాని మన స్వామి పేరులోనే సత్యం ఉన్నది. సత్యం కోసం జీవితమంతా నిలబడిన మనిషిని ఆయన నామం జపించే మనం తలచుకోవడానికి సంకోచమెందుకు? ఆయనను ప్రజలు బ్రహ్మర్షి అని పిలుచుకొన్నారు. అది మన సంప్రదాయం ఇచ్చిన పేరే.

నాయుడుగారు 1862లో మచిలీపట్టణంలో జన్మించారు. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో, విద్యార్థులను బిడ్డలుగా చూసుకొనేవాడని పేరుపొందిన విలియం మిల్లర్ దగ్గర చదువుకొన్నారు. బందరు నోబుల్ కళాశాలలో బోధించి, సికింద్రాబాదు మహబూబ్ కళాశాలకు అధ్యక్షులై, 20వ శతాబ్ది తొలి సంవత్సరాలలో కాకినాడ వచ్చారు. 1919 వరకు పి.ఆర్. కళాశాల ఆయన చేతి క్రింద నడిచింది. తెల్లని దుస్తులు, నిరాడంబర జీవితం, చిన్నతనంలోనే భార్యను కోల్పోయి తిరిగి వివాహమాడని మనిషి. జీతంలో ఎక్కువభాగం పేద విద్యార్థులకూ అనాథలకూ పోయేది. ఆడపిల్లలు కళాశాల గడప తొక్కడమే వింతగా ఉన్న ఆ రోజులలో వారిని చేర్చుకొన్నారు. దళిత విద్యార్థులకు బడి తలుపులు తెరిచి, వారికోసం వసతిగృహం నడిపారు. ఈ పనులలో ఆయనకు వెన్నుదన్నుగా నిలిచినవారు పిఠాపురం మహారాజా శ్రీ రావు వేంకటకుమార మహీపతి సూర్యారావు బహద్దరువారు.

ఇంతవరకు చెప్పినది ఒక మంచి అధ్యాపకుడి చరిత్ర. అటువంటివారు మన నాట చాలామంది ఉన్నారు. నాయుడుగారిని నేను ప్రత్యేకంగా ఎన్నుకోవడానికి కారణం ఆయన శిష్యులు. ఆ శిష్యులు ఆయనలా తయారు కాలేదు. అదే విశేషం.

బందరులో ఆయన శిష్యవర్గంలో ఉన్న ముట్నూరి కృష్ణారావుగారు 1907 నుంచి 1945లో మరణించేదాకా కృష్ణాపత్రికకు సంపాదకులుగా ఉండి జాతీయోద్యమానికి తెలుగు గొంతునిచ్చారు. ఆ వర్గంలోనే భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు వైద్యవృత్తి మానుకొని గాంధీమహాత్ముని వెంట నడిచి, అనేకమారులు జైలుకు వెళ్ళి, 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించి, కాంగ్రెస్ చరిత్ర వ్రాసి, 1948లో ఆ మహాసభకు అధ్యక్షులైనారు. గురువుగారి దారి అది కాదు. ఆయన మితవాది. 1924లో ప్రభుత్వం ఇచ్చిన సర్ బిరుదును స్వీకరించారు, 1925లో మద్రాసు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులైనారు. శిష్యులు ఏ ప్రభుత్వాన్ని ఎదిరించి జైళ్ళకు వెళుతున్నారో, ఆ ప్రభుత్వమే గురువును గౌరవిస్తున్నది. అయినా ఆ శిష్యులకు గురువు పట్ల భక్తి చెరగలేదు.

మరొక శిష్యుడు గుడిపాటి వెంకటచలంగారు. కాకినాడలో చదువుకొంటూ నాయుడుగారి ప్రభావంతో బ్రహ్మసమాజం వైపు వెళ్ళారు. తరువాత స్త్రీపురుష సంబంధాల విషయంలో ఆయన వ్రాసినవి గురువుగారి కఠోర శీలవాదానికి పూర్తిగా ఎదురుగాలి. సంఘపావిత్ర్యం కోసం భోగం మేళాలకు వ్యతిరేకంగా ఉద్యమం నడిపిన గురువు ఎక్కడ, ఆంధ్రదేశాన్ని కలవరపెట్టిన చలం ఎక్కడ! ఆ చలంగారే 1950లో అరుణాచలం చేరి, 1979లో కన్ను మూసేదాకా అక్కడే ఉండిపోయారు. బ్రహ్మసమాజి శిష్యుడు చివరకు ఒక మహర్షి ఆశ్రమం నీడకు చేరాడు. ఏ గురువు వేసిన ప్రణాళిక ప్రకారం ఇది జరిగి ఉంటుంది?

పిఠాపురం పరిసరాలలో పుట్టిన దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు తనకు ఆంగ్ల సాహిత్యంపై అభిరుచి కలిగించిన గురువులుగా కూచి నరసింహంగారిని, నాయుడుగారిని పేర్కొన్నారు. ఆ ఇంగ్లీషు కవిత్వం మీది మమకారమే తెలుగులో భావకవిత్వంగా మారింది. గురువు ఒక భాష నేర్పితే శిష్యుడు మరొక భాషలో పాడాడు.

ఒక పత్రికాధిపతి, ఒక దేశనాయకుడు, ఒక తిరుగుబాటు రచయిత, ఒక భావకవి. ఒకరికొకరు పోలిక లేదు, గురువుతో అసలే లేదు. అచ్చులో పోసిన ఇటుకలన్నీ ఒక్కలాగే వస్తాయి. నాయుడుగారు ఇటుకలు పోయలేదు.

దీనిని మరింత స్పష్టంగా చూడడానికి అదే కాలంలో గోదావరి ఒడ్డున జరిగిన మరొక సంఘటనను పక్కన పెట్టి చూడండి. 1907లో బిపిన్ చంద్ర పాల్ ఆంధ్రదేశ పర్యటనకు వచ్చారు. ముట్నూరివారు ఆయన వెంట ఉన్నారు. రాజమహేంద్రవరంలో ఆయన ఉపన్యాసాలను చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు తెలుగులో చెప్పారు. విద్యార్థులు వందేమాతరం బిళ్ళలు ధరించి తరగతులకు వచ్చారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ బిళ్ళలు తీసివేయమన్నాడు. విననివారిమీద చర్య తీసుకొన్నాడు. ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని కళాశాలనుంచి బహిష్కరించాడు, ప్రభుత్వోద్యోగానికి అనర్హుడిని చేశాడు. హంటర్ చెడ్డవాడని నేను అనను. తన కళాశాలలో క్రమశిక్షణ ఉండాలనుకొన్నాడు. ఫలితం తన చేతిలో ఉండాలనుకొన్నాడు. ఆ బిళ్ళ తీయించగలిగాడు కూడ. కాని గాడిచర్లవారు 1908లో స్వరాజ్య పత్రికలో వచ్చిన రచనకు జైలుశిక్ష అనుభవించి, బయటికి వచ్చాక గ్రంథాలయోద్యమానికీ వయోజన విద్యకూ తమ జీవితాన్ని ధారపోశారు. ఉపాధ్యాయుడు కాకూడదని వెళ్ళగొట్టిన మనిషి ఊరూరా చదువు నేర్పాడు. అది హంటర్‌కు దక్కవలసిన పుణ్యం. చేతులారా వదులుకొన్నాడు.

ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. పెంచడమంటే పట్టించుకోకపోవడం కాదు. "పిల్లలే చూసుకొంటారులెండి" అని పెద్దలు గుమ్మంలో కూర్చుని కబుర్లు చెప్పుకోవడం నాయకత్వం కాదు, బద్ధకం. నాయుడుగారు శీలం విషయంలో మహాకఠినులు. అబద్ధానికీ అపరిశుభ్రతకూ ఆయన దగ్గర చోటు లేదు. నియమం గట్టిగా ఉండేది. ఆ నియమం లోపల నిలబడి ఎవడు ఏమవుతాడన్నది మాత్రం వాడికే వదిలేవారు. గీతాచార్యుడు చేసినది కూడ అంతే కదా. 18 అధ్యాయాలలో అర్జునుడి ప్రతి సందేహానికీ ఓపికగా బదులు చెప్పి, విశ్వరూపం సైతం చూపించి, చివరకు నీవే బాగా ఆలోచించుకొని నీకు తోచినట్లు చెయ్యమన్నాడు. భగవంతుడు, అదీ యుద్ధభూమిలో, అదీ తానే రథం తోలుతూ! గాండీవాన్ని లాక్కొని తానే బాణం వేయవచ్చు. వేయలేదు.

గోదావరి డెల్టాలో స్నానం చేసేటప్పుడు కాటన్ దొరను సంకల్పంలో చెప్పుకొనేవారున్నారని మీకు తెలుసు. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో ప్రారంభమై 1852లో పూర్తయింది. మనం మరచిపోయేది ఏమంటే, పని మధ్యలో 1848లో అనారోగ్యంతో ఆయన ఆస్ట్రేలియా వెళ్ళవలసి వచ్చింది. బాధ్యత కెప్టెన్ ఓర్‌కు అప్పగించారు. 1850లో తిరిగి వచ్చేవరకు పని ఆగలేదు. వేలాది కూలీల మధ్య నిలబడి పని నడిపిన తెలుగువాడు వీణం వీరన్నగారి పేరు కాటన్ పేరుతోపాటు నేటికీ నిలిచి ఉన్నది. నేను జ్వరపడితే గుండిగలు దొరకలేదు. ఆయన సముద్రాలు దాటి వెళ్ళినా గోదావరి మీద రాయి కదలడం ఆగలేదు. పోలిక పెద్దదే, క్షమించండి.

ఇక మన ఆలయానికి వస్తాను. ఈ జీర్ణోద్ధరణలో మనమందరం ఒక విశేషం కళ్ళారా చూశాము. కళాకర్షణ చేసి స్వామిని బాలాలయంలో ఉంచినప్పుడు, ఆలయం రాళ్ళుగా, ఇటుకలుగా మిగిలినప్పుడు, పని అంతా స్థపతిది, శిల్పులది. వారిష్టం వచ్చినచోట కూర్చున్నారు, వారిష్టం వచ్చినంతసేపు స్వామి ముఖం చూస్తూ ఉలి పట్టారు. జలాధివాసం, ధాన్యాధివాసం గడిచాయి. నేత్రోన్మీలన సమయంలో తెరచాటున స్థపతి కన్నులు తెరిపిస్తాడు. తరువాత అద్దం, గోవు, ధాన్యం స్వామికి చూపిస్తారు. ప్రాణప్రతిష్ఠ జరుగుతుంది. అంతే, ఆ క్షణంనుంచి స్థపతి గర్భగుడిలోకి రాడు. తాను నెలల తరబడి చేత్తో తడిమిన మూర్తిని ఇక ముట్టుకోడు. గడప ఇవతల మనతోపాటు నిలబడి చేతులు జోడిస్తాడు. ముక్కు ఇంకొంచెం సన్నంగా ఉంటే బాగుండేదని అతనికి తోచినా ఉలి చేతికి రాదు. ఒక పెద్దరికం ఎలా ముగియాలో ఆగమం ఇంత అందంగా ఏర్పాటు చేసింది.

దాతలకు ఒక మనవి. ఇది అప్రియంగా వినిపిస్తే పెద్దమనస్సుతో మన్నించండి. హోమంలో ఆహుతి వేసిన ప్రతిసారీ యజమాని చేత పురోహితుడు ఒక మాట పలికిస్తాడు. "న మమ" అని. ఇది నాది కాదు అని. ఆహుతి అగ్నిలో పడుతుంది, దాని మీది హక్కు ఆ మాటతో పడిపోతుంది. మనం ఇచ్చిన విరాళాలు కూడ ఆహుతులే. మండపానికి ఇచ్చినవారు మండపంలో ఎవరు పాడాలో నిర్ణయించవద్దు. వంటశాలకు ఇచ్చినవారు వంట ఎవరు చేయాలో చెప్పవద్దు. పాలరాతిమీద పేరు చెక్కించుకోవడం తప్పని నేను అనను. తరువాతి తరానికి ఒక ఉదాహరణగా ఉంటుంది. కాని ఆ రాయిని పట్టుకొని ఆలయాన్ని నడపాలని చూడకండి. లెక్కలు అడగండి, తప్పక అడగండి. ప్రతి పైసాకూ లెక్క చెప్పించుకొనే హక్కు మీకున్నది. లెక్క అడగడం వేరు, పగ్గం పట్టుకోవడం వేరు.

పిఠాపురం మహారాజావారిని ఈ విషయంలో గుర్తు చేసుకోండి. కళాశాల పేరు ఆయన సంస్థానానిది, పోషణ ఆయనది. అయినా ఆ కాలపు కళాశాల అనగానే ప్రజలు నాయుడుగారినే తలచారు. ఆయన పోషించిన సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదటి సంపుటం 1936లో వెలువడింది. చివరి సంపుటాలు వెలువడే నాటికి ఆయన జమీందారీయే లేదు. 1948 చట్టంతో జమీందారీలన్నీ పోయాయి. తెలుగు మాటకు అర్థం వెదికేవారు ఇవాళకూ ఆ పుస్తకం తెరుస్తారు. తాను చూడబోని పుటలకోసం ధనం ఇచ్చిన దాత ఆయన.

ఇప్పుడు మన ముందున్న అసలు ప్రశ్న గోపురం గురించి కాదు. గోపురం చక్కగా వచ్చింది. ఇంకో పదేళ్ళకు తెల్లవారుజామున ఈ తలుపులు ఎవరు తెరుస్తారు? అర్చకుల పిల్లలు హైదరాబాదులోనో, అమెరికాలోనో కంప్యూటరు ఉద్యోగాలు చేస్తున్నారు. వారిని తప్పుపట్టను. ఆ ఉద్యోగాలలో వారికి గౌరవం దొరికింది, తప్పు చేస్తే సరిదిద్దుకొనే అవకాశం దొరికింది. ఇక్కడ మనం వారికి ఏమి ఇచ్చాము? సన్నాయి మేళం కుర్రవాడు ఒక కొత్త కీర్తన వాయిస్తే, ఎప్పుడూ వాయించేదే వాయించమన్నాము. ధనుర్మాసంలో ఆడపిల్లలు ముగ్గులు వేస్తే చెరిపి మళ్ళీ వేయించాము. సెలవులకు వచ్చిన కాలేజీ పిల్లలు ఆలయానికి ఒక వెబ్‌సైటు చేస్తామంటే చూద్దాం చూద్దాం అన్నాము. అన్నవారిలో నేనూ ఉన్నాను. దీపం పట్టుకోవడం నేర్చుకోవాలంటే ఒకటి రెండుసార్లు చేయి కాలాలి. చేయి కాలుతుందని మనం దీపం ఇవ్వలేదు, దీపం ఎవరిదీ కాకుండా పోయే రోజు దగ్గరపడుతున్నది.

కుంభాభిషేకం ఒక్క రోజుతో అయిపోదు. మండలాభిషేకం 48 రోజులు సాగుతుంది. ప్రతి రోజూ పూలు, పాలు, నైవేద్యం, దీపాలు, వచ్చినవారికి ప్రసాదం. ఎవరి ఇంటివారు ఏ రోజు ఏ సేవ చేయాలో పట్టిక వ్రాయాలి. ఇన్నాళ్ళూ ఆ పట్టిక మేము నలుగురు పెద్దలమే వ్రాసేవాళ్ళం. ఎవరికి మొదటి రోజు, ఎవరికి శుక్రవారం అన్నదానిమీద మాలో మేమే మాటలు పడేవాళ్ళం. ఈసారి ఆలయ సంఘాన్ని ఒప్పించి ఆ పట్టికను పాతికేళ్ళ లోపు పిల్లలకు అప్పగించాము. సామాను గది తాళాలు, గుండిగల లెక్క, వంటవాళ్ళ ఫోను నంబర్లు, ఎవరింట ఏ సామాను ఉన్నదో వ్రాసిన పుస్తకం, అన్నీ వారికి ఇచ్చాను. పుస్తకం వ్రాయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. ముప్పై ఏళ్ళ క్రితమే వ్రాయవలసిన పుస్తకం.

మొన్న సాయంత్రం వారు వసారాలో కూర్చుని పేర్లు వేస్తున్నారు. ఇద్దరు ముగ్గురు గట్టిగా వాదించుకొంటున్నారు కూడ. దగ్గరకు వెళ్ళి ఒక మాట చెప్పబోయి, గుమ్మం దగ్గరే ఆగి వెనక్కు వచ్చాను. పట్టికలో నా పేరు ఏ రోజున వేశారో నాకింకా తెలియదు. వేసిన రోజున వచ్చి, చెప్పిన చోట కూర్చుంటాను.